కరాటే క్లాసు తలుపు ఎవరికి తెరిచి ఉంది?

(ఖరగ్‌పూర్ ప్రేమ్ బజార్‌లోని ఒక క్లబ్బులో శని, ఆదివారాల కరాటే శిక్షణ మొదలైన సందర్భంగా పిల్లలు, తల్లిదండ్రుల ముందు ఒక పరిశోధక విద్యార్థి చేసిన ప్రసంగ పాఠం.)



గుద్దు ఎలా గుద్దాలో, తన్ను ఎలా తన్నాలో మాస్టారు చెప్తారు. ఈ విద్య ఎవరి చేతుల్లోంచి ఎవరి చేతుల్లోకి వచ్చిందో, మన బస్తీల పిల్లల దగ్గర నిలవాలంటే పెద్దవాళ్లం ఏం చేయాలో నేను చెప్తాను.

కరాటే గురించి ఒక కథ అందరూ చెప్తారు. ఆయుధాలు లాక్కున్నాక పేద రైతులు ఉత్త చేతులతో పోరాడటానికి దీన్ని కనిపెట్టారని. మనకు నచ్చే కథే. చరిత్ర మాత్రం అలా లేదు. కరాటే పుట్టిన ఒకినావా ఒకప్పుడు ర్యుక్యూ అనే రాజ్యం. అక్కడ ఈ విద్య ఎక్కువగా రాజు కొలువులో ఉద్యోగాలు చేసే పై వర్గం దగ్గర ఉండేది. గురువు తను ఎంచుకున్న కొద్దిమందికే నేర్పేవాడు. 1879లో జపాన్ ఆ రాజ్యాన్ని కలిపేసుకుంది. 1900ల తొలి ఏళ్లలో ఇతోసు అంకో అనే గురువు కరాటేని బడి వ్యాయామంలో పెట్టించాడు. అప్పుడు మామూలు ఇళ్ల పిల్లలకు అది అందింది. 1922లో టోక్యో వెళ్లి ఈ విద్యను ప్రదర్శించిన ఫునాకోషి గిచిన్ కూడా బడిపంతులే. కొందరి సొత్తు అందరి విద్య అయిందంటే బడి తలుపు తెరుచుకోవడం వల్లే.

తలుపు మూసి ఉంటే ఏమవుతుందో మనకు ఎవరూ చెప్పక్కర్లేదు. ఏకలవ్యుడి బొటనవేలు కథ మన ఇళ్లలో చిన్నపిల్లలకీ తెలుసు. 1936లో రాసిన 'కుల నిర్మూలన'లో బాబాసాహెబ్ అడిగిన ప్రశ్న కూడా ఇదే. ఇన్ని శతాబ్దాల అన్యాయం మీద కింది కులాలు ఎందుకు తిరగబడలేకపోయాయి? ఆయుధం పట్టనివ్వలేదు, చదువుకోనివ్వలేదు, అందుకే అన్నారాయన. పిరికితనం మన రక్తంలో లేదు. సాధనాలు మన చేతిలో లేకుండా చేశారు.

ఈ ఊరినే చూడండి. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే వచ్చాక శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ వైపు నుంచి మన తాతలు ఇక్కడికి వచ్చారు. పట్టాలు మోశారు, వర్క్‌షాపులో ఇనుము కొట్టారు, కాలనీలు ఊడ్చారు. వాళ్ల ఒంట్లో బలం లేదని ఎవరంటారు? వాళ్లు వచ్చిన ఉత్తరాంధ్ర గరిడీకి, కర్రసాముకి పేరున్న నేల. మల్లయోధుడు కోడి రామ్మూర్తిది శ్రీకాకుళం వైపు వీరఘట్టం. ఆ బలం నూరేళ్లు రైల్వేకి పనికొచ్చింది. 1927లో మాత్రం ఖరగ్‌పూర్ కార్మికులు సమ్మె కట్టి, అదే బలాన్ని తమ కోసం వాడుకున్నారు. అదే ఏడాది మార్చిలో మహద్‌లో బాబాసాహెబ్ చవదార్ చెరువు నీళ్లు తాగారు.

ఇప్పుడు పిల్లలకి ఒక మాట. కులం మొదట మన ఒంటి మీదే పనిచేస్తుంది. తల దించు, చేతులు కట్టుకో, పక్కకి తప్పుకో, గొంతు పెంచకు. ఆడపిల్లకైతే ఇంకో నాలుగు ఎక్కువ. నవ్వకు, పరిగెత్తకు, కాళ్లు దగ్గర పెట్టుకో, చీకటి పడకముందే ఇంటికి రా. ఇవన్నీ పదేళ్ల వయసుకే ఒంట్లో నాటుకుపోతాయి. కరాటే క్లాసులో మొదటి రోజే దానికి ఎదురు పాఠం మొదలవుతుంది. కాళ్లు వెడల్పుగా పెట్టు. నడుం నిలబెట్టు. ఎదురుగా ఉన్నవాళ్ల కళ్లలోకి చూడు. పొట్టలోంచి కేక వెయ్యి. బెల్టు రంగు మారడానికి నెలలు పడుతుంది గానీ ఈ నాలుగూ మీకు మొదటి నెలలోనే వస్తాయి. ఇంటికెళ్లాక వదిలెయ్యకండి. బడిలో ప్రశ్న అడిగేటప్పుడు కూడా అలాగే నిలబడండి.

ధోనీ టికెట్ ఎగ్జామినర్‌గా పనిచేసిన ఊరు కాబట్టి ఇక్కడ ఆట అనగానే తల్లిదండ్రులకు స్పోర్ట్స్ కోటా గుర్తొస్తుంది. తప్పేం లేదు. కానీ కరాటే ఒలింపిక్స్‌లో ఆడించింది ఒక్కసారే, 2021లో జరిగిన టోక్యో క్రీడల్లో. పారిస్‌లో లేదు. పతకం రాకపోయినా ఈ పిల్లలు నేర్చుకున్నది వృథా కాదని ముందే మనసులో పెట్టుకోండి.

ఇంకో సంగతి దాచకుండా చెప్పాలి. పిడికిలి ఒక్కటే మనల్ని కాపాడదు. 1985 జూలైలో కారంచేడులో మంచినీళ్ల చెరువు పాడుచేయొద్దన్నందుకు దళిత కుర్రాణ్ణి కొట్టబోయారు. మున్నంగి సువార్త చేతిలో ఉన్న బిందె ఎత్తి అడ్డం నిలబడింది. ఆమెకి ఏ మాస్టారూ నేర్పలేదు. దానికి బదులుగా మర్నాడు, జూలై 17న, వాడ మీద పడి ఆరుగురిని చంపారు. సువార్త చెయ్యి ఎత్తడం సరైనదే. ఆ చెయ్యి వెనక చట్టం, సంఘం ఉండాలని ఆ ఊరు మనకు నేర్పింది. అందుకే దళిత మహాసభ పుట్టింది, 1989లో అట్రాసిటీ నిరోధక చట్టం వచ్చింది. కారంచేడు కేసులో సుప్రీంకోర్టు తీర్పు రావడానికి మాత్రం 2008 దాకా ఆగాల్సి వచ్చింది.

2023లో దేశానికి పతకాలు తెచ్చిన మల్లయోధురాళ్లు లైంగిక వేధింపుల మీద న్యాయం అడుగుతూ జంతర్ మంతర్ దగ్గర రోడ్డు మీద కూర్చున్నారు. వాళ్లకన్నా గట్టి చేతులు మనలో ఎవరికున్నాయి? అయినా వాళ్లకీ తోడు కావాల్సి వచ్చింది.

మహద్‌లో చెరువు నీళ్లు తాగిన రోజునే మనవాళ్ల మీద దాడి జరిగింది. వాళ్లలో సైన్యంలో పనిచేసి వచ్చినవాళ్లున్నారు. తిరగబడదామన్నారు. బాబాసాహెబ్ వాళ్లను ఆపి, కేసు పెట్టించారు. దాడి చేసినవాళ్లలో కొందరికి శిక్ష పడింది. సమతా సైనిక్ దళ్ వెనకున్న ఆలోచన కూడా ఇదే. క్రమశిక్షణ ఉన్న బలం కావాలి. ఫునాకోషి కూడా కరాటే తెలిసినవాడు ముందుగా చెయ్యి ఎత్తకూడదని నేర్పాడు. మన చట్టం ఇంచుమించు అదే చెప్తుంది. భారతీయ న్యాయ సంహిత 34 నుంచి 44 దాకా సెక్షన్లు ఆత్మరక్షణ హక్కు గురించే. నీ మీద, పక్కవాళ్ల మీద దాడి జరిగితే ఆపడానికి ఎంత అవసరమో అంత బలం వాడొచ్చు. పగ తీర్చుకోవడానికి వాడకూడదు. పోలీసుల దగ్గరికి వెళ్లే వ్యవధి ఉంటే వెళ్లాలి. వెళ్లినప్పుడు అట్రాసిటీ చట్టం కింద ప్రాథమిక విచారణ పేరు చెప్పి ఎఫ్ఐఆర్ ఆపకూడదని 18ఏ సెక్షన్ చెప్తోంది. ఇది పిల్లలకి కూడా నోటికి రావాలి.

అందుకే క్లబ్బు పెద్దలను, తల్లిదండ్రులను కొన్ని అడుగుతున్నాను.

ఫీజు, డ్రెస్సు, బెల్టు పరీక్ష, పోటీలకు ప్రయాణం. ఈ ఖర్చులే ఇవాళ్టి మూసిన తలుపు. సఫాయి పని చేసే ఇంటి పిల్ల తెల్ల డ్రెస్సు కొనలేక వెనక్కి పోకూడదు. పాతవి కడిగి కొత్తవాళ్లకి ఇద్దాం, పరీక్ష ఫీజుకి అందరం తలా కొంత వేసుకుందాం.

పన్నెండు, పదమూడేళ్లు రాగానే ఆడపిల్లని మాన్పించకండి. ఆమెకి ఇది అవసరమయ్యే వయసు అప్పుడే మొదలవుతుంది. ప్రభుత్వ బడుల్లో ఆడపిల్లల ఆత్మరక్షణ శిక్షణకి రాణీ లక్ష్మీబాయి పేరు పెట్టారు. మంచిదే. ఆ రాణి పక్కన నిలబడి పోరాడిన కోరి కులపు ఝల్కారీబాయి పేరు మన పిల్లలకి మనం చెప్పుకోవాలి. 2001లో తపాలా శాఖ ఆమె పేరు మీద స్టాంపు తెచ్చింది.

క్లాసు జరిగే గది తలుపు తీసే ఉంచండి. ఏ అమ్మైనా ఎప్పుడైనా వచ్చి కూర్చుని చూడొచ్చు. మాస్టారిని గౌరవిద్దాం. గౌరవం పేరుతో పిల్ల నోరు మూసే పద్ధతి మాత్రం వద్దు. ఇబ్బందిగా ఉంటే చెప్పే హక్కు, చెప్తే నమ్మే పెద్దలు, రెండూ ఉండాలి.

నెలకి ఒక ఆదివారం చివరి అరగంట చట్టం చదువుకుందాం. ఆ అరగంట నేను చెప్తాను.

పిల్లలూ, వంగి దణ్ణం పెట్టడంతో మీ క్లాసు మొదలవుతుంది. గమనించారా, మీరు మాస్టారికి వంగితే మాస్టారూ మీకు వంగుతారు. ఇద్దరూ వంగే చోట ఎవరూ తక్కువ కారు. అలా కాకుండా ఒక్కరే వంగమనే చోటు ఎదురైతే నిటారుగా నిలబడండి.

జై భీమ్.