గ్రంథులు, హార్మోన్లు, సంతానం: దాతలకు నాలుగు మాటలు
(వార్షిక సమావేశంలో వైద్య విభాగం తరఫున చేసిన ప్రసంగ పాఠం)





మామూలుగా ఈ సభలో మేము ఎన్ని శిబిరాలు పెట్టామో, ఎంత ఖర్చయిందో చెబుతాం. ఆ లెక్కలు ఈ సంచికలోనే వేరే పేజీలో ఉన్నాయి. ఇప్పుడు మీతో మాట్లాడదలచింది మన ఇళ్లలో గొంతు తగ్గించి మాట్లాడుకునే విషయం గురించి. పిల్లలు ఎలా కలుగుతారు, కలగకపోతే ఎవరిని చూడాలి, పుట్టిన బిడ్డకు మొదటి వారంలో ఏం చేయాలి? ఈ మూడింటికీ మూలం మన ఒంట్లోని వినాళ గ్రంథులే.

వినాళ గ్రంథులంటే నాళం లేనివి. లాలాజల గ్రంథికి నోట్లోకి ఒక గొట్టం ఉంటుంది. వీటికి అలాంటిదేమీ లేదు, తయారుచేసిన రసాన్ని నేరుగా నెత్తురులోకి వదులుతాయి. ఆ రసాలకు హార్మోన్లని 1905లో ఇంగ్లండుకు చెందిన స్టార్లింగ్ పేరు పెట్టాడు. హార్మోను నెత్తురుతో పాటు ఒళ్లంతా తిరిగినా, దాన్ని గుర్తుపట్టే కణాల మీదే పనిచేస్తుంది.

మన తీరం వాళ్లకు ఇది కొత్త సంగతేమీ కాదు. రొయ్యల హేచరీలో పనిచేసిన వారిని అడగండి. తల్లి రొయ్య గుడ్లకు రాకపోతే దాని రెండు కంటి కాడల్లో ఒకదాన్ని తీసేస్తారు. కన్ను తీస్తే గుడ్లెందుకు వస్తాయి? అండాలు పక్వానికి రాకుండా ఆపే హార్మోను ఆ కాడలోని గ్రంథి నుంచే వస్తుంది గనుక. ఆపేది సగం తగ్గగానే అండాశయం పెరగడం మొదలవుతుంది. ఆపే మాట, నడిపే మాట రెండూ రసాయనాలే అన్న పాఠం మన రొయ్యల గుంటల పక్కనే ఉంది.

మనిషిలో ఆ అధికారం మెదడు అడుగున బఠాణీ గింజంత ఉండే పీయూష గ్రంథిది. దాని పైన హైపోథాలమస్ ఉంటుంది. పైనుంచి ఆజ్ఞ వస్తే పీయూష గ్రంథి థైరాయిడ్‌కు, అడ్రినల్ గ్రంథులకు, ఆడవారిలో అండాశయాలకు, మగవారిలో వృషణాలకు కబురు పంపుతుంది. కింది గ్రంథి హార్మోను చాలినంత రాగానే పై గ్రంథి తగ్గుతుంది. మిద్దె మీది ట్యాంకులో నీళ్లు నిండితే బంతి లేచి పైపు మూసినట్టు అన్నమాట. థైరాయిడ్ మందగించినప్పుడు రక్త పరీక్షలో టీఎస్‌హెచ్ పెరిగి కనబడేది అందుకే. కింద పని జరగడం లేదని పైనుంచి గట్టిగా కేకేస్తున్నట్టు లెక్క.

ఇక సంతానం మాట. ఆడపిల్ల పుట్టేటప్పటికే ఆమె అండాశయాల్లో 10 నుంచి 20 లక్షల అండాలుంటాయి. యుక్తవయసుకు మూడు, నాలుగు లక్షలు మిగులుతాయి. జీవితం మొత్తం మీద విడుదలయ్యేవి నాలుగైదు వందలే. ప్రతి నెలా పీయూష గ్రంథి ఎఫ్‌ఎస్‌హెచ్ పంపితే ఒక అండం ఎదుగుతుంది, ఈస్ట్రోజన్ గర్భాశయం లోపలి పొరను మందం చేస్తుంది. ఎల్‌హెచ్ ఒక్కసారిగా పెరిగినప్పుడు అండం బయటపడుతుంది. అది ఒక్క రోజే బతుకుతుంది. మగవాని వీర్యకణం మాత్రం లోపల ఐదు రోజుల దాకా ఉండగలదు. ఆ తర్వాత ప్రొజెస్టిరాన్ ఆ పొరను నిలిపి ఉంచుతుంది. గర్భం నిలవకపోతే అది తగ్గిపోయి బహిష్టు వస్తుంది. నిలిస్తే పిండం చుట్టూ ఉన్న కణాలు హెచ్‌సీజీ అనే హార్మోను పంపుతాయి. మందుల షాపులో కొనే గర్భపరీక్ష పట్టీ చూసేది దాన్నే.

మగవారిలో ఇవే ఎఫ్‌ఎస్‌హెచ్, ఎల్‌హెచ్ వృషణాల మీద పనిచేస్తాయి. ఒక వీర్యకణం తయారు కావడానికి సుమారు రెండున్నర నెలలు పడుతుంది. దానికి ఒంటి వేడి కంటే రెండు మూడు డిగ్రీలు తక్కువ వేడి కావాలి. అందుకే వృషణాలు ఒంటి బయట ఉన్నాయి. పొగాకు, వృషణాల దగ్గర ఉబ్బిన సిరలు, పెద్దయ్యాక వచ్చిన గవదబిళ్లలు వీర్యకణాలను దెబ్బతీయవచ్చు. జిమ్ములో కండల కోసం టెస్టోస్టిరాన్ సూదులు వేసుకునే కుర్రవాళ్లకు ఒక మాట. బయటి నుంచి హార్మోను వస్తే పీయూష గ్రంథి తన ఆజ్ఞ ఆపేస్తుంది, వీర్యకణాలు పడిపోతాయి.

ఇదంతా ఎందుకు చెబుతున్నామంటే, పిల్లలు లేని దంపతుల్లో దాదాపు సగం మందిలో మగవారి వైపు కూడా కారణం ఉంటుంది. అయినా మా శిబిరాలకు కోడలిని ఒక్కదాన్నే తీసుకొస్తారు. ఆమెకు స్కానింగులు, సూదులు, తాయెత్తులు. కొడుకు కువైట్‌లో ఉంటాడు. ఏడాదికో, రెండేళ్లకో ఒక నెల వచ్చి పోతాడు. ఆ నెలలో కూడా అతనికి పరీక్ష చేయించరు. వీర్య పరీక్ష తేలికైనది, ఖర్చు తక్కువ, కోత లేదు. అది చేయించకుండానే కొన్ని ఇళ్లలో రెండో పెళ్లి మాట వస్తున్నది. ఆడపిల్లే పుట్టిందని కోడలిని అనడమూ ఇలాంటిదే. బిడ్డ మగో ఆడో తేల్చే వై క్రోమోజోము తండ్రి దగ్గరే ఉంటుంది, తల్లి దగ్గర ఉండదు.

బారాషహీద్ దర్గా దగ్గర స్వర్ణాల చెరువులో సంతాన రొట్టె కోసం ఎక్కడెక్కడి నుంచో వచ్చే ఆడవారిని నెల్లూరు వాళ్లం ఏటా చూస్తూనే ఉన్నాం. ఆ బాధ ఎంతటిదో మనకు తెలియనిది కాదు. హజ్రత్ ఇబ్రాహీం, హజ్రత్ జకరియ్యా అలైహిముస్సలాం ముసలితనం దాకా బిడ్డ కోసం దువా చేసిన వారే. కనుక సంతానం లేకపోవడం తప్పూ కాదు, పరువు తక్కువా కాదు. దువా చేద్దాం, దానితో పాటు భార్యాభర్తలిద్దరినీ ఒకే రోజున డాక్టరు దగ్గర కూర్చోబెడదాం.

చివరగా థైరాయిడ్. దాని హార్మోనుకు అయోడిన్ కావాలి. ఇస్కపల్లి ఉప్పు మళ్ల పక్కనే ఉన్నాం గదా, సముద్రపు ఉప్పులో అయోడిన్ ఉండదా అని చాలామంది అడుగుతారు. ఎండబెట్టిన కల్లుప్పులో మిగిలేది చాలా కొద్ది. అందుకే పాకెట్టు మీద అయోడైజ్డ్ అని చూసి కొనాలి. మన దేశంలో గాయిటర్ నివారణ కార్యక్రమం 1962లోనే మొదలైంది. గర్భిణికి అయోడిన్ మరింత ఎక్కువ కావాలి, ఎందుకంటే కడుపులోని బిడ్డ మెదడు మొదటి నెలల్లో తల్లి థైరాయిడ్ మీదే ఆధారపడుతుంది.

సుమారు వెయ్యి మంది శిశువుల్లో ఒకరు థైరాయిడ్ సరిగా పనిచేయకుండా పుడతారు. పుట్టగానే చూస్తే ఏమీ తెలియదు, బిడ్డ ముద్దుగానే ఉంటుంది. పుట్టిన రెండు మూడు రోజులకు మడమ నుంచి నాలుగు చుక్కల నెత్తురు తీసి పరీక్షిస్తే బయటపడుతుంది. రెండు వారాల లోపు మాత్ర మొదలుపెడితే ఆ బిడ్డ అందరిలాగే బడికి పోతుంది. నెలలు గడిచాక మొదలుపెడితే మెదడుకు జరిగిన నష్టాన్ని మళ్లీ పూడ్చలేం. మాత్ర ఖరీదు రోజుకు ఒక టీ కంటే తక్కువే.

దాతలారా, మీ జకాత్ సొమ్ము ఎవరికి చేరాలో షరియత్ చెప్పినట్టే పేద రోగులకు చేరుస్తున్నాం. దానికి తోడు మీ సదఖాతో ఈ ఏడాది రెండు పనులు చేయాలని అనుకుంటున్నాం. మొదటిది, తీర గ్రామాల్లో పేద ఇళ్ల నవజాత శిశువులకు మడమ నెత్తురు పరీక్ష. రెండోది, పిల్లలు లేని దంపతులిద్దరికీ కలిపి మొదటి విడత పరీక్షలు, ఎవరి పేరూ బయటికి రాకుండా.

డబ్బుతో పాటు ఇంకొకటి కూడా అడుగుతున్నాం. మీ ఇంట్లో, మీ వీధిలో పిల్లలు లేని కోడలిని ఎవరైనా మాట అంటుంటే, అబ్బాయికి పరీక్ష చేయించారా అని ఒక్క ప్రశ్న వేయండి. పెద్దల నోట వచ్చిన ఆ ప్రశ్నతో ఒక సంసారం నిలబడవచ్చు.

అల్లాహ్ మనందరి సేవను స్వీకరించుగాక. ఆమీన్.