చేతికి రాని పంటకు జమ

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



పింగళి సూరన కళాపూర్ణోదయమున ఒక చిత్రమైన కల్పన గలదు. బ్రహ్మ సరస్వతికి వినోదార్థము ఒక కథ చెప్పును. ఆ కథలోనివారు భూమిపై నిజముగా పుట్టి, చెప్పినట్లే నడచుకొందురు. నాలుగు శతాబ్దుల క్రిందటి ఆ కల్పనకు చుట్టమువంటి వాదమొకటి 2003లో వెలువడినది. ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయమున నాడు తత్త్వవేత్తగానుండిన నిక్ బాస్ట్రమ్ దాని కర్త.

మూడింటిలో ఒకటి నిజము కాక తప్పదని ఆయన తర్కము: చేతనులైన మనుష్యులను కంప్యూటరులో సృజించు శక్తి రాకమునుపే నాగరికతలు నశించుట, శక్తి వచ్చినను అట్టి ఆటపై ఆసక్తి లేకుండుట, లేదా ఈ జగత్తే ఒక యంత్రములోని అనుకరణ యగుట. మూడవదే నిశ్చయమని బాస్ట్రమ్ అనలేదు. లోకము మాత్రము మొదటి రెండింటిని విడిచి మూడవదానిని పట్టుకొన్నది. ఈ జగత్తు అసలుది యగుటకు వందల కోట్లలో ఒక వంతు అవకాశమే కలదని 2016లో ఎలాన్ మస్క్ అనెను.

ఇది మాయావాదమే గదా యని సంతోషించువారు గలరు. అది తొందరపాటు. అద్వైతము జగత్తును మిథ్య యనునప్పుడు, వెలుపల దానిని నడుపు యంత్రమొకటి గలదనదు. వ్యావహారిక దశలో ఆకలి ఆకలియే, అప్పు అప్పే. ఆ సిద్ధాంతము సంగమును విడిపించుటకు పుట్టినది. ఈ వాదము యంత్రములపై సంగమును పెంచుచున్నది.

అసలు చిక్కు, యంత్రమున మనస్సు పుట్టునను మాటను ముందుగనే జమ కట్టుకొనుటలో నున్నది. పహాణీలో వరి యని వ్రాసినంతనే గాదె నిండదు. ఈ భానూరులోనే భారత్ డైనమిక్స్ వారి కర్మాగారమున క్షిపణులు తయారగుచున్నవి. క్షిపణి గమనమును కంప్యూటరులో ఎన్నిమార్లు అనుకరించి చూచినను, చివరకు ఆరుబయట ప్రయోగించి చూడవలసినదే. తెరమీది క్షిపణి గడ్డిపరకనైనను కాల్చదు. మనస్సు సంగతి వేరు, అందు అనుకరణయే వస్తువగునని వాదించువారును గలరు. రుజువు భారము వారిదే.

ఇట్లు ముందు జమ కట్టుట క్రొత్త కాదు. మానవుడు చేయు ఏ పనినైనను ఇరువదియేండ్లలో యంత్రములు చేయగలవని 1965లో హెర్బర్టు సైమన్ వ్రాసెను. 1973లో బ్రిటనున జేమ్స్ లైట్‌హిల్ నివేదిక ఆ ఆశలు ఫలింపలేదని తేల్చగా, అక్కడి పరిశోధనలకు ధనము సన్నగిల్లెను. అట్లని కృషి యంతయు వ్యర్థమనుట అన్యాయము. నాటి చిత్తూరు జిల్లా కాటూరున 1937లో జన్మించిన దబ్బల రాజగోపాలరెడ్డి, మనుష్యుని మాటను యంత్రము గుర్తించు విద్యలో దశాబ్దములు శ్రమించి, 1994లో ఎడ్వర్డు ఫీగెన్‌బామ్‌తో కలిసి ట్యూరింగు పురస్కారమందెను. నేడు చదువురానివాడును ఫోనుతో మాటాడి పని జరుపుకొనుచున్నాడన్న, అది అట్టి ఓపిక ఫలము.

2022 నవంబరున చాట్‌జీపీటీ వెలువడిన పిదప పెట్టుబడులు వరదలైనవి. ఎన్విడియా సంస్థ ఓపెన్‌ఏఐలో పదివేల కోట్ల డాలర్ల వరకు దశలవారీగా పెట్టుదునని 2025 సెప్టెంబరున ప్రకటించెను. ఓపెన్‌ఏఐ కొనునది ఆ ఎన్విడియా యంత్రములనే. ఇచ్చిన సొమ్ము అమ్మకముల పేర తిరిగి వచ్చుచుండగా, మూడవవాని చేతినుండి వచ్చినదెంత యన్నదే చూడవలసిన పద్దు. 2024లో అర్థశాస్త్ర నోబెలు పొందిన మువ్వురిలో ఒకడైన డారన్ అసెమోగ్లు, అమెరికాలో ఈ విద్యవలన పదేండ్లకు కలుగు ఉత్పాదకతా వృద్ధి మొత్తముమీద 0.66 శాతమునకు మించదని లెక్కగట్టెను. వరద యెంత, పంట యెంత!

ఇది దూరపు ముచ్చట కాదు. కంది వద్దనున్న ఐఐటీ 2019లోనే ఈ విద్యలో బీటెక్ ప్రారంభించినది. పిల్లలను చదివింపవలసినదే, కాని ఉద్యోగము ఖాయమని పలుకు ప్రతి శిక్షణాలయమునకు పొలమమ్మి రుసుము కట్టుట వేరు. గూగుల్ సంస్థ 2026 మొదలు ఐదేండ్లలో విశాఖపట్టణమున 1500 కోట్ల డాలర్లతో కృత్రిమ మేధా కేంద్రము నెలకొల్పుదునని 2025 అక్టోబరున ప్రకటించినది. పటాన్‌చెరు ప్రాంతమునకు కర్మాగారములు వచ్చినప్పుడును లాభమే ముందు వ్రాయబడెను. నక్కవాగు కాలుష్యము పిదప ఖర్చుగా తేలి, ఆ వ్యాజ్యము 1990లో సుప్రీంకోర్టుకెక్కినది. జగత్తు అనుకరణమని నమ్మినవాడైనను నక్కవాగు నీరు త్రాగ సాహసింపడు.

విశాఖవారు ఇప్పుడే అడిగి వ్రాయించుకొనవలసినవి రెండు గలవు: కట్టడము ముగిసిన పిమ్మట నిలిచియుండు ఉద్యోగములెన్ని? ఆ యంత్రములకు కావలసిన విద్యుత్తునకును నీటికిని వెల చెల్లించువారెవరు?