మోటారు తిరుగుతోంది, నీళ్లు రావట్లేదు: నాలుగు బోల్టులు ఎలా బిగించాలి?

ఈరోజు మనం విజయనగరం జిల్లా నెల్లిమర్ల మండలం రామతీర్థంలో ఉన్నాం. వెనకాల కనబడుతున్నది బోడికొండ. కొండ మీద, గుడి మీద వీడియోలు చాలానే ఉన్నాయి. మనం మాట్లాడేది మాత్రం కింద పొలంలో, ఈ నూతి గట్టు మీదున్న మోటారు గురించి.

నాట్ల టైంలో ఊరూరా వినబడే మాట ఒకటుంది: "మోటారు తిరుగుతోంది గానీ నీళ్లు రావట్లేదు." ముందు ఫుట్‌వాల్వ్‌ని అనుమానిస్తాం. తర్వాత వైండింగ్ పోయిందేమో అని మెకానిక్‌కి ఫోన్ చేస్తాం. ఈలోగా కరెంటు టైం అయిపోతుంది, మడి ఎండుతుంది. చాలాసార్లు అసలు దొంగ ఎక్కడుంటాడంటే, సక్షన్ పైపు పంపుకి కలిసే ఫ్లాంజి దగ్గర. అక్కడి రబ్బరు ప్యాకింగ్, దాని చుట్టూ ఉన్న నాలుగు బోల్టులు.

ఎందుకో చూద్దాం. పంపు నీటిని లాగుతుంది అంటాం కదా, నిజానికి పైకి తోసేది బయటి గాలి. పంపు లోపల ఒత్తిడి తగ్గితే, నూతిలోని నీటిని గాలి బరువు పైకి నెడుతుంది. లెక్క ప్రకారం 10 మీటర్ల దాకా నెట్టగలదు. పైపులో రాపిడీ అవీ పోగా, చేతికొచ్చేది 7 మీటర్ల లోపే. అంటే సక్షన్ వైపు మనకి ముందే బలం తక్కువ. అక్కడ వెంట్రుకంత సందు ఉన్నా గాలి లోపలికి దూరుతుంది. నీటితో పోలిస్తే గాలి 800 రెట్లు తేలిక. ఇంపెల్లర్ దాన్ని విసరలేదు, ఊరికే తిరుగుతుంది.

ఇంకో చిక్కు కూడా ఉంది. డెలివరీ వైపు లీకైతే నీళ్లు కారతాయి, కంటికి కనబడతాయి. సక్షన్ వైపు లీకైతే బయటికి చుక్క కూడా రాదు. అందుకే ఎవరూ పట్టుకోలేరు. పట్టుకోవడానికి సులువైన ఉపాయం: మోటారు కొద్దిగానైనా నీళ్లు లాగుతున్నప్పుడు, జాయింటు చుట్టూ చిక్కటి సబ్బు నురగ రాయండి. ఏ చోట నురగ లోపలికి పోతుందో అదే లీకు. చెయ్యి షాఫ్టుకి, ఫ్యానుకి దూరంగా ఉండాలి. నీళ్లే రానప్పుడు ఈ పరీక్ష కోసం మోటారు తిప్పొద్దు. నీళ్లు లేకుండా తిరిగితే మెకానికల్ సీల్ కాలిపోతుంది.

ఇక బిగింపు. ముందు మెయిన్ స్విచ్ ఆపి, ఫ్యూజులు తీసి జేబులో వేసుకోండి. ఆటో స్టార్టర్ ఉంటే ఇది మరీ ముఖ్యం. కరెంటు వచ్చిందంటే అది మనల్ని అడిగి ఆన్ అవ్వదు.

పాత ప్యాకింగ్ ముక్కలన్నీ గీకేయండి. రెండు ముఖాలూ పొడి గుడ్డతో తుడవండి. కొత్త ప్యాకింగ్ రంధ్రం పైపు రంధ్రం కన్నా చిన్నదిగా ఉండకూడదు, ఉంటే నీటి దారికి అడ్డం పడుతుంది. సైకిల్ ట్యూబు కోసి పెట్టేవాళ్లున్నారు. అది పలచన, మడత పడుతుంది. ఒకే మందం ఉన్న రబ్బరు షీటు నుంచి కోసుకోండి.

ఇప్పుడు ఫోన్‌లో గడియారం ఊహించుకోండి. బోల్టులు 12, 3, 6, 9 దగ్గర ఉన్నాయి. ముందు నాలుగూ చేత్తో తిప్పి ఆనించండి. తర్వాత పానాతో 12, దాని ఎదురుగా 6, ఆ తర్వాత 3, దాని ఎదురుగా 9. మొదటి చుట్టులో మూడో వంతు బిగింపు, రెండో చుట్టులో ఇంకో మూడో వంతు, మూడో చుట్టులో పూర్తిగా. ఆఖర్న 12, 3, 6, 9 అని వరసగా ఒక్కసారి సరిచూసుకోండి. ఒక బోల్టునే మొదట పూర్తిగా బిగించేస్తే ఫ్లాంజి ఆ వైపు వాలుతుంది, ఎదురువైపు సందు తెరుచుకుంటుంది. తర్వాత ఎంత బిగించినా ఆ సందు సరిగ్గా మూసుకోదు.

"గట్టిగా బిగిస్తే గాలి పోదు" అని పానాకి పైపు తొడుగుతారు చూడండి, అది వద్దు. చెయ్యి పట్టు దూరం రెండింతలైతే బోల్టు మీద పడే బలమూ రెండింతలు. పోత ఇనుము ఫ్లాంజి వంగదు, పగులుతుంది. రబ్బరైతే నలిగి పక్కకి వచ్చేస్తుంది. ప్యాకింగ్ అంచు చుట్టూ ఒకే తీరుగా కొద్దిగా ఉబ్బితే చాలు. మరలకి ఆయిల్ రాస్తే రాపిడి తగ్గి, అదే బలానికి బోల్టు ఎక్కువ బిగుస్తుంది. అది గుర్తుంచుకుని చెయ్యి తేలిగ్గా వాడండి.

మర పైపు జాయింట్లకి ప్యాకింగ్ ఉండదు. అక్కడ టేపు, లేదా సఫేదా రాసిన జనపనార. నెల్లిమర్ల అంటేనే జూట్ మిల్లు గుర్తొస్తుంది కదా, ఆ జనపనారే. తడిస్తే ఉబ్బి సందు మూస్తుంది. టేపైనా నారైనా మర బిగుసుకునే దిక్కులోనే చుట్టాలి, లేదంటే బిగించేటప్పుడు ఊడొస్తుంది.

ఇదంతా పాత మోటారు గొడవ అనుకోకండి. రుషికొండ బీచ్‌లో జెట్ స్కీ చూసే ఉంటారు. దాని కిందా ఉన్నది పంపే. న్యూజిలాండ్‌లో బిల్ హామిల్టన్ అనే ఆయన, లోతు లేని నదుల్లో రాళ్లకి ప్రొపెల్లర్ తగలకుండా ఉండాలని 1950ల్లో జెట్ బోటుకి రూపమిచ్చారు. అడుగు నుంచి నీళ్లు తీసుకుని వెనక్కి చిమ్ముతుంది, బోటు ముందుకి పోతుంది. ఆ పంపుని బోటు అడుగుకి బిగించే చోటా ఇవే బోల్టులు, ఇదే సీలు. అక్కడ గాలి దూరితే ఇంజిన్ గీ మని అరుస్తుంది, బోటు మాత్రం కదలదు. మన మోటారు లక్షణమే! సీలు ఊడితే నీళ్లు బోటులోకే వస్తాయి. మన దగ్గర పోయేది మడి, అక్కడ పోయేది ప్రాణం.

చివరి మాట. రబ్బరు ప్యాకింగ్ కొంచెం సర్దుకుంటుంది. కాసేపు నడిపి, మోటారు ఆపి, ఫ్యూజులు తీసి, అదే వరసలో ఇంకోసారి బిగింపు చూడండి. సిలికాన్ సీలెంట్ వాడితే మాత్రం, ఆరిపోయాక మళ్లీ కదపొద్దు, పొర చిట్లుతుంది.

నాట్లకి ముందే ఒక పూట మీ ఇంట్లో పెద్దాయన్ని తీసుకుని నూతి దగ్గరకి వెళ్లండి. పానా ఆయన చేతిలో, వరస మీ నోట్లో. నురగ పరీక్షలో ఏం కనబడిందో కామెంట్‌లో రాయండి. వచ్చే ఎపిసోడ్‌లో ఫుట్‌వాల్వ్ విప్పుదాం. ఉంటాను.