పావు మైలు పందెము - తొలి క్షణము

అమెరికాలో డ్రాగ్ రేసను మోటారు పందెము కలదు. 1955లో కాన్సాస్ రాష్ట్రమందలి గ్రేట్ బెండ్‌లో నేషనల్ హాట్ రాడ్ అసోసియేషన్ తన తొలి జాతీయ పోటీలను ఆరంభించినది. నిలిచియున్న రెండు కార్లు తిన్నని బాటపై పావు మైలు, అనగా సుమారు 402 మీటర్లు, పరుగిడవలెను.

వెనుక చక్రములతో నడచు కారు ముందునకు దూకగానే బరువు వెనుకకు ఒరిగి, ఆ చక్రములు నేలను గట్టిగా పట్టును. క్లచ్‌ను చోదకుడు ఒక్కసారిగా వదలినచో పట్టు తప్పి, టైర్లు ఉన్నచోటనే గిరగిర తిరుగును. మరీ మెల్లగా వదలినచో క్లచ్ ఒరసి వేడెక్కును, కాలమును వ్యర్థమగును. కావున ఇంజను వేగము మితముగా నుంచి, క్లచ్ పట్టుకొను చోట పాదమును లిప్తకాలము నిలిపి, పిమ్మట పూర్తిగా విడుచుచు యాక్సిలరేటరును క్రమముగా నొక్కవలెను.

ఇట్లు చక్కగా బయలుదేరిన చిన్న కారు బలమైన కారును ఓడించుటయు కలదు. ఈ విద్యకు తగిన చోటు పందెపు బాటయే; పదిమంది నడచు రహదారిపై ఇది ప్రాణాపాయము.