ఇంటికి వచ్చిన పాఠం



బీదరులో మహమూద్ గవాన్ 1472లో కట్టించిన మదరసాలో చదవాలంటే విద్యార్థి ఊరు విడిచి రావలసిందే. 1982లో హైదరాబాదులో సార్వత్రిక విశ్వవిద్యాలయం వెలిశాక పాఠమే విద్యార్థిని వెతుక్కుంటూ బయలుదేరింది. 2017లో కేంద్ర ప్రభుత్వం 'స్వయం' ప్రారంభించాక సెల్‌ఫోనులోకీ వచ్చింది. అయితే ఇల్లు చేరిన పాఠం అందరికీ అందుతోందా?

ఆ మదరసా గురించే మీరొక పాఠం తయారు చేస్తున్నారనుకోండి. ఫోటో చూపి 'ఇదిగో, చూడండి' అంటే చూపులేని విద్యార్థికి ఏం తెలుస్తుంది? 'మూడంతస్తుల కట్టడం, ముందువైపు మిగిలిన ఒక్క మినారు, దానిమీద రంగు పలకలు' అని చెప్పండి. రేడియోకు ఈ విద్య కొత్త కాదు.

పుస్తకం పేజీలను ఫోటో తీసి పెట్టకండి. టైపు చేసిన అక్షరాలనైతే ఫోను చదివి వినిపిస్తుంది. వీడియో అడుగున మాటలు రాసి చూపితే వినికిడి లేనివారికి అందుతాయి; ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం ఉన్న పిల్లలకూ ఆసరా. గంట పాఠాన్ని పదేసి నిమిషాల భాగాలు చేసి, ఒక్కొక్క భాగం చివర ఒక ప్రశ్న వేయండి.

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం ఇది వారి హక్కు. పాఠం పూర్తయ్యాక ఒకసారి కళ్ళు మూసుకుని వినండి, మరోసారి శబ్దం ఆపి చూడండి. రెండుసార్లూ అర్థమైతేనే పిల్లలకు పంపండి. సెలవు.