పుస్తకం అంచున రాసుకున్న మాట

(మదనపల్లెలో మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పుంగనూరు నుంచి, కుప్పం నుంచి తెల్లారకముందే బస్సెక్కి వచ్చినవాళ్లు మీలో చాలామంది ఉన్నారు. అందుకని సిద్ధాంతంతో కాకుండా ఒక నోటుపుస్తకంతో మొదలుపెడతాను.

పుంగనూరు దగ్గర ఒక ఊళ్లో పొదుపు సంఘం లెక్కలు రాసే చెల్లెలు తన పాత పుస్తకాలు నాకు చూపించింది. కిస్తీ కట్టినవాళ్ల పేర్లకెదురుగా అంకెలున్నాయి. కట్టనివాళ్ల దగ్గర, పేజీ అంచున, చిన్న అక్షరాలతో మాటలున్నాయి. ‘మొగుడు ఆస్పత్రిలో. టమాటా అమ్మినాక ఇస్తుంది.’ ‘కూతురి కాన్పు.’ ‘రెండు వారాలు ఆగుదామని అందరమూ ఒప్పుకున్నాం.’ ఇప్పుడామె ఆ లెక్కలు ఫోనులో ఎక్కించాలి. అక్కడున్నవి రెండే గడులు: కట్టింది, కట్టలేదు. ‘అందరమూ ఒప్పుకున్నామని యాడ రాసేది మేడమ్?’ అని అడిగింది. నా సోషియాలజీ డాక్టరేటు ఆ పూట నాకేమీ అక్కరకు రాలేదు.

ఆ అంచు రాతలు ఒక సామూహిక నిర్ణయం. బాకీపడిన స్త్రీని ఎగవేతదారు అనకుండా ఆపినవి అవే. యాప్ తయారుచేసినవాళ్లు దుర్మార్గులని నేననడం లేదు. వాళ్లకు ఆ అంచు కనబడలేదు, అంతే. నాకూ కనబడని రోజులున్నాయి. ఒకసారి నేనే తయారుచేసిన సర్వే ఫారంలో వృత్తి దగ్గర ‘గృహిణి’ అని ఒక గడి పెట్టాను. ఆవుల పాలు పితికి, టమాటా కోతకు పోయి, సాయంత్రం కట్టెలు తెచ్చే మనిషి ఆ ఒక్క గడిలో పడిపోయింది. గడులు గీసే చోట ఆమె లేదు మరి.

కుప్పం వాళ్లకు ఈ కథ పాతదే. 2002లో హ్యూలెట్ పాకార్డ్ కంపెనీ రాష్ట్ర ప్రభుత్వంతో కలిసి మూడేళ్ల కాలానికి అక్కడ ‘ఐ-కమ్యూనిటీ’ పథకం మొదలుపెట్టింది. సమాచార కేంద్రాలు పెట్టారు, కంప్యూటర్లు తెచ్చారు. నాకు మాత్రం ఆసక్తి కలిగించింది ఫొటోల పని. పొదుపు సంఘాల స్త్రీలు కొందరికి డిజిటల్ కెమెరా, చిన్న ప్రింటరు, కరెంటు లేనిచోట నడవడానికి సోలార్ పలక ఇచ్చి పని నేర్పారు. వాళ్లు గుర్తింపు కార్డులకు, శుభకార్యాలకు ఫొటోలు తీసి అక్కడికక్కడే అచ్చువేసి ఇచ్చి సంపాదించుకున్నారు. ఫొటో స్టూడియో అంటే మగవాళ్ల కొట్టుగానే ఉన్న చోట ఆడమనిషి కెమెరా తగిలించుకుని ఊరూరా తిరగడం చిన్న విషయమేమీ కాదు. కార్పొరేట్ ప్రచారమని ఒక్క మాటతో కొట్టిపారేసే మన అలవాటు నాకు నచ్చదు.

అయితే 2003 ఆగస్టులో హార్వర్డ్ బిజినెస్ రివ్యూలో ఆ కంపెనీ ఉన్నతాధికారి ఒకరు మరొకరితో కలిసి రాసిన వ్యాసం కూడా చదవాలి. ఇలాంటి పనిలో కంపెనీకీ లాభముందని, రేపటి మార్కెట్లకు ఏ వస్తువులు కావాలో ఇక్కడే నేర్చుకోవచ్చని దాపరికం లేకుండా చెప్పారు. దాపరికం లేనందుకు సంతోషమే. కానీ దాని అర్థమేమిటి? ఆ స్త్రీలు ఫొటోలు తీసినవాళ్లు మాత్రమే కాదు, ఆ పనిముట్టును వాడి పరీక్షించినవాళ్లు కూడా. ఎవరు ఏ ధరకు కొంటారు, కరెంటు లేకపోతే పనెలా సాగుతుంది అన్నవి తెలిసేది వాళ్ల నడక నుంచే. సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో ఈ పనికి జీతముంది, ‘టెస్టర్’ అని పేరుంది. బెంగళూరులో చేస్తే ఉద్యోగం, కుప్పంలో చేస్తే సాధికారత!

కెమెరా మన జీవితాల్లోకి మళ్లీ వచ్చింది, ఈసారి ప్రభుత్వం ద్వారా. ఉపాధి హామీ పనులకు 2021 మేలో ఎన్‌ఎంఎంఎస్ అనే హాజరు యాప్ ప్రారంభించి, 2023 జనవరి 1 నుంచి దాదాపు అన్ని పనిచోట్లా తప్పనిసరి చేశారు. రోజుకు రెండుసార్లు కూలీల ఫొటో ఎక్కించాలి. పొద్దున్నే తన వంతు మట్టి తవ్వేసి ఇంటి చాకిరీకి పోవాల్సిన స్త్రీ రెండో ఫొటో కోసం కాచుకోవాల్సి వచ్చింది. సిగ్నల్ అందక ఫొటో ఎక్కకపోతే కూలికే ఎసరు. కుప్పంలో ఫొటో తీసిన ఆడమనిషికి డబ్బొచ్చింది. ఇక్కడ ఫొటోలో పడని ఆడమనిషికి డబ్బు పోయింది. పోషణ్ ట్రాకర్ గురించి నేను చెప్పక్కర్లేదు, ముందు వరుసలో కూర్చున్న అంగన్‌వాడీ అక్కలు ఇప్పటికే నవ్వుతున్నారు.

యంత్రమొస్తే పని తగ్గుతుందంటారు. తగ్గేది పైన కూర్చుని లెక్కలు చూసేవాళ్లకు. కింద ఫోను ఛార్జింగు, డేటా ఖర్చు, తప్పు పడితే పడే తిట్లు, అన్నీ ఆడవాళ్ల ఖాతాలోకే వస్తాయి. యాప్ విడుదల రోజున సభ పెట్టి శాలువాలు కప్పుతారు. దాన్ని నిజంగా పనిచేసేలా చేసే చాకిరీ ఆ మర్నాటి నుంచి మొదలవుతుంది.

అలాగని పనిముట్టు తయారుచేసినవాళ్ల మాటే ఎప్పుడూ చెల్లుతుందనీ కాదు. 1991లో నెల్లూరు అక్షరాస్యతా ఉద్యమంలో చదువు చెప్పడానికి వేసిన వాచకాలను మన స్త్రీలు సారా దుకాణాల మీదికి తిప్పారు. 1993 అక్టోబరులో సారా నిషేధం వచ్చింది. వాచకాన్ని అలా తిప్పడానికి దాన్ని చదివి, కూర్చుని మాట్లాడుకుంటే చాలింది. సాఫ్ట్‌వేర్‌ను తిప్పాలంటే దాని లోపలికి దారి ఉండాలి, ఆ దారి తాళం మన దగ్గర లేదు. అందుకే గడులు గీసేటప్పుడే మన మనుషులు అక్కడ ఉండాలని, ఆ రోజులకు వాళ్లకు కూలి కట్టివ్వాలని అడగాలంటున్నాను.

పుంగనూరు చెల్లెలు ఇప్పుడు రెండు లెక్కలూ రాస్తోంది, ఫోనులో ఒకటి, పుస్తకంలో ఒకటి. రెండో పనికి పైసా రాదు. మానెయ్యమని నేను చెప్పలేకపోయాను. మీలో పాత పుస్తకాలు తెచ్చినవాళ్లు వాటిని వెనక బల్ల మీద పెట్టండి. భోజనాల తర్వాత ఆ అంచులు చదువుదాం, ఏయే మాటకు గడి కావాలో మనమే రాద్దాం.