మురికి తీయండి, వాడకాన్ని ఉంచండి



2025 జులై 10న పారిస్‌లో సోత్‌బీస్ సంస్థ ఒక పాత నల్ల తోలు బ్యాగును వేలం వేసింది. నటి, గాయని జేన్ బర్కిన్ కోసం ఎర్మెస్ కంపెనీవాళ్లు 1980ల నడుమ ప్రత్యేకంగా కుట్టి ఇచ్చిన మొట్టమొదటి బర్కిన్ బ్యాగు అది. ఆవిడ దాన్ని బీరువాలో దాచుకోలేదు. ఏళ్ల తరబడి రోజూ వెంట తిప్పుకుంది. తోలంతా గీతలు. తాను అండగా నిలిచిన సేవా సంస్థల స్టిక్కర్లు అంటించుకుంటే వాటి జాడలు అలాగే మిగిలాయి. పట్టీకి గోళ్లు తీసుకునే కట్టర్ వేలాడుతోంది. రుసుములతో కలిపి ఆ బ్యాగు సుమారు 86 లక్షల యూరోలు పలికింది. వేలానికి ముందు ఎవరైనా పనిమంతుడు ఆ జాడలు గీకి, గీతలు పూడ్చి, నల్లరంగు కొట్టి మెరిపించాడనుకోండి. మంచి పాత బ్యాగు ఒకటి మిగిలేది. అందులో జేన్ బర్కిన్ మాత్రం మిగిలేది కాదు.

పాత తోలు బ్యాగుల పని చేసేవాళ్లకు, చేయాలనుకునేవాళ్లకు నేను చెప్పదలచుకున్నది ఇదే. మురికి తీయండి, వాడకపు గురుతు తీయకండి. చెప్పడం తేలిక. బ్యాగును ముందు పెట్టుకుని కూర్చున్నాక ఏది మురికి, ఏది గురుతు, ఏది జబ్బు అని తేల్చుకోవడంలోనే పనంతా ఉంది.

ఎర్మెస్ బ్యాగులు మన చేతికి అరుదుగా వస్తాయి. ఎక్కువగా కనిపించేవి పాత కోచ్ బ్యాగులు. అమెరికాలో ఉంటున్న మన పిల్లలు థ్రిఫ్ట్ స్టోర్లలో ముచ్చటపడి కొనుక్కునేవీ ఇవే. అందుకే ఇవాళ వాటినే ఉదాహరణగా తీసుకుంటాను. కోచ్ 1941లో న్యూయార్క్‌లోని మన్‌హటన్‌లో చిన్న కార్ఖానాగా మొదలైంది. మైల్స్ కాన్, లిలియన్ కాన్ దంపతుల చేతికి వచ్చాక దాని దశ తిరిగింది. బేస్‌బాల్ ఆటగాళ్లు తొడుక్కునే తోలు గ్లౌజు వాడేకొద్దీ మెత్తబడి నిగారింపు తేలడం మైల్స్ గమనించాడు. అలాంటి తోలుతో బ్యాగులు కుట్టిస్తే బాగుంటుందనుకున్నాడు. 1962లో బానీ కాషిన్ అనే గొప్ప డిజైనర్ వచ్చి చేరింది. ఈనాటికీ కోచ్ గుర్తుగా నిలిచిన తిప్పుడు గడియ ఆవిడ తెచ్చిందే. తన కారు టాపు బిగించే గడియను చూసి ఆ ఊహ వచ్చిందట.

ఆ కాలపు బ్యాగుల్లో చాలావాటికి లోపల అస్తరు ఉండదు. తెరిస్తే తోలు వెనకవైపు గరుకుదనం నేరుగా చేతికి తగులుతుంది. పైన మందపాటి రంగు పూత ఉండదు. అంటే ఆ తోలు వాడకంతో మారాలనే ఉద్దేశంతోనే ఎంచుకున్నారు. పట్టీ వంగినచోట నల్లబడటం, మూత అంచు మెరవడం వాళ్ల దృష్టిలో లోపాలు కావు, బ్యాగు పక్వానికి వచ్చిందన్న సూచన. దాన్ని చెరిపేసి కొత్త బ్యాగులా చేస్తే తయారుచేసినవాళ్ల ఉద్దేశాన్నే చెరిపినట్టు.

ముందు తోలు ఏ రకమో తెలుసుకోవాలి. అడుగున కనిపించనిచోట ఒక్క నీటిబొట్టు పెట్టండి. బొట్టు బొట్టుగానే నిలిస్తే పైన పూత ఉందని అర్థం. అలాంటి బ్యాగును తడిబట్టతో తుడవడానికి భయపడనక్కర్లేదు. చుక్క వెంటనే ఇంకి తోలు నల్లబడితే పూత లేనట్టు. దాని మీద మీరు ఏది వేసినా లోపలికి పోతుంది, మళ్లీ బయటికి రాదు. ఈ రెండింటికీ ఒకే సీసాలోని మందు వాడేవాళ్లను చూస్తే నాకు బాధ కలుగుతుంది.

ఇంకా లోతుకు వెళితే, తోలును ఏ పదార్థంతో పదును చేశారన్నది ఉంది. 1884లో అమెరికాలో ఆగస్టస్ షుల్ట్జ్ క్రోమియం లవణాలతో పదును చేసే పద్ధతికి పేటెంట్ తీసుకున్నాడు. అంతకుముందు ఎక్కువగా వాడింది చెట్ల బెరళ్లు, కాయలే. మన దగ్గర ఆ పనికి పేరుమోసింది తంగేడు చెక్క. బతుకమ్మలో పేర్చే ఆ పచ్చటి తంగేడే. దక్షిణాదిన తంగేడుతో పదునైన మేక, గొర్రె తోళ్లు మద్రాసు రేవు నుంచి ఓడలెక్కి ఇంగ్లండ్ వెళ్లేవి. ఇక్కడొక చేదు నిజం కూడా చెప్పాలి. 1900 ప్రాంతంలో లండన్‌లో సొసైటీ ఆఫ్ ఆర్ట్స్ ఒక కమిటీ వేసి, గ్రంథాలయాల్లో తోలు అట్టలు ఎందుకు పొడిపొడిగా రాలిపోతున్నాయో పరిశీలింపజేసింది. త్వరగా పాడయ్యే రకాల్లో మన తంగేడు తోళ్లు కూడా ఉన్నాయని వాళ్లు తేల్చారు. తోలును పదును చేసే టానిన్లలో తంగేడు జాతివి వెలుతురుకు ఎర్రబడతాయి. గాలిలోని గంధకపు వాయువులను పట్టుకుంటాయి, వాటినుంచి పుట్టే ఆమ్లం తోలు నారను కొరికేస్తుంది. కరక్కాయలో ఉండే టానిన్లు వేరే జాతివి, ఇంత తేలిగ్గా లొంగవు. తంగేడు తోలును చివరగా కరక్కాయ నీళ్లలో నానబెడితే ఎర్రబడటం తగ్గుతుందని మన పనివాళ్లకు అనుభవంతో తెలుసు. 1948లో మద్రాసులో కేంద్రీయ చర్మ పరిశోధన సంస్థ ఏర్పడ్డాక ఇటువంటి పనితనమంతా శాస్త్రంగా కుదురుకుంది. ఆ సంస్థను ప్రపంచపటంలో నిలిపిన యలవర్తి నాయుడమ్మ గుంటూరు జిల్లావాడు. చెప్పులు కుట్టే పనిని చిన్నచూపు చూసే సమాజంలో తోలును చదువుకోదగ్గ విద్యగా నిలబెట్టినవాడు. ఆయన పేరు తలచుకోకుండా తోలు గురించి మాట్లాడటం నాకు ఇష్టం ఉండదు.

ఇక మీ ముందున్న బ్యాగు నూరేళ్ల నాటిదై, ముట్టుకుంటే ఎర్రటి పొడి వేళ్లకు అంటుకుంటోందనుకోండి. అది మురికి కాదు. గ్రంథాలయాల్లో తోలు అట్టలకు పట్టిందని చెప్పిన ఆ జబ్బే. తడి తగిలితే నల్లబడి గట్టిపడుతుంది. దాన్ని వెనక్కి తిప్పే మందు లేదు. పొడి రాలకుండా పట్టి ఉంచే ద్రావణాలు మ్యూజియంవాళ్లు వాడతారు. మీరు చేయాల్సింది ముట్టుకోకుండా ఊరుకోవడం.

ఆ జబ్బు లేనివాటికి పని మొదలుపెడదాం. మొదట తడి వద్దు. లోపలున్నదంతా ఖాళీ చేయండి. మెత్తటి బ్రష్‌తో కుట్ల సందుల్లో, మడతల్లో దుమ్ము దులపండి. సగం మురికి ఇక్కడే పోతుంది. పొడిదుమ్ము మీద తడిబట్ట పెడితే బురదై రంధ్రాల్లోకి దిగుతుంది. తర్వాత శుద్ధి చేసిన నీటిలో తెల్లని నూలుబట్ట ముంచి, బాగా పిండి, ఒక భాగమంతా ఒకేసారి తుడవండి. మరక ఒక్కదాన్నే రుద్దితే చుట్టూ అంచు కట్టి మరకకంటే వికారంగా ఉంటుంది. బట్టకు బ్యాగు రంగు అంటుకుంటే అక్కడితో ఆపండి.

సబ్బు విషయంలో గట్టిగా చెబుతున్నాను. తోలు స్వభావం ఆమ్లం, దాని పీహెచ్ 4కు అటూ ఇటూగా ఉంటుంది. ఒంటి సబ్బు, బట్టల సబ్బు క్షారం, 9, 10 దాకా పోతాయి. క్షారం తగిలితే పదును సడలి రంగు కదులుతుంది. వంటసోడా కూడా క్షారమే. వాసన పోవడానికని బ్యాగులో వంటసోడా పోసి ఉంచమని చెప్పేవాళ్లున్నారు. అస్తరు లేని బ్యాగులో ఆ పొడి నార మధ్యన దూరి కూర్చుంటుంది. వాసనకు మందు గాలి, ఓపిక. నీడలో, గాలి ఆడేచోట మూత తెరిచి వారాల తరబడి ఉంచండి. కలరా ఉండల వాసన అయినా, సిగరెట్ వాసన అయినా నెమ్మదిగా దిగుతుంది.

అమెరికాలో పాత కోచ్ సేకరించేవాళ్లలో చాలామంది బ్యాగును గోరువెచ్చని నీళ్లలో ముంచి, గిన్నెలు తోమే ద్రావణం రెండు చుక్కలు వేసి, మొత్తం కడిగేస్తారు. తువ్వాళ్లు కుక్కి ఆరబెడతారు. ఫలితం చాలాసార్లు బాగానే ఉంటుంది. అస్తరు లేని ఆ తోలు దాన్ని తట్టుకుంటుంది కూడా. అయినా నేను ముంచను. ఎరుపు, నీలం రంగులు నీళ్లలోకి దిగవచ్చు. అడుగున అట్ట పెట్టి కుట్టి ఉంటే అది ఉబ్బుతుంది. గడియల వెనక చేరిన నీళ్లు ఎన్నాళ్లకు ఆరతాయో తెలియదు. లోపలంతా బూజుపట్టి వాసన కొడుతూ, ముంచకపోతే పారేయడమే అన్న స్థితిలో ఉన్న బ్యాగుకు మాత్రమే ఆ వైద్యం చేయాలి. తుడిస్తే పోయే మురికికి అది దండగ.

అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేస్తున్నది మాత్రం నూనె. పాత తోలు బిరుసుగా కనిపించగానే దానికి నూనె కావాలనుకుంటాం. కొబ్బరినూనె, ఆలివ్ నూనె, చేతికి రాసుకునే క్రీమ్, ఏది దొరికితే అది పూస్తాం. ఆ క్షణాన బ్యాగు కళకళలాడుతుంది, రంగు ముదురుతుంది. అది చూసి ఇంకాస్త పూస్తాం. తోలు మెత్తదనంలో నారల మధ్య ఉండే తేమకూ పెద్ద పాత్ర ఉంది. మామూలు గాలిలో ఉన్న తోలు బరువులో పదో వంతుకు పైగా నీరే ఉంటుంది. ఎండిన గదిలో బిరుసెక్కిన బ్యాగు మామూలు తేమలో కొన్నాళ్లుంటే చాలావరకు తేరుకుంటుంది. పూసిన నూనె మాత్రం కాలక్రమంలో చిక్కబడి, దుమ్మును పట్టి, కుట్టు దారాన్ని జిగురు చేస్తుంది. వంటనూనెలు కంపు కొడతాయి కూడా. బ్రిటిష్ మ్యూజియం పేరుతోనే ఒక తోలు లేపనం ఉండేది. ఉన్ని కొవ్వు, తేనెమైనం, దేవదారు తైలం కలిపి చేసేవాళ్లు. ప్రపంచమంతా గ్రంథాలయాలు దశాబ్దాలపాటు దాన్ని పుస్తకాలకు పూశాయి. అది తోలును కాపాడటం లేదని, పైపెచ్చు మచ్చలూ జిగురూ మిగులుస్తోందని అనుభవం మీద తెలిసి తర్వాత మానుకున్నారు. అంత పెద్ద సంస్థలు చెయ్యి వెనక్కి తీసుకున్నాక మనం డబ్బాలకు డబ్బాలు పూయడం ఎందుకు? రోజూ వాడబోయే బ్యాగుకు, శుభ్రం చేశాక, మంచి తోలు కండిషనర్ గోరంత తీసుకుని పలచగా ఒక్కసారి పట్టించండి. ఒక రాత్రి ఆగి, పొడిబట్టతో తుడిచేయండి. తోలు పీల్చుకోకుండా పైన మిగిలిందంటే అడగనిది పెట్టారని అర్థం.

ఆ మిగులు కొవ్వే తెల్లటి పూతగా పైకి తేలుతుంది. బూజు అనుకుని భయపడతారు. తేడా తెలుసుకోవడానికి హెయిర్ డ్రయర్ తక్కువ వేడిలో దూరంగా పట్టండి. కొవ్వయితే కరిగి మాయమవుతుంది. బూజయితే కదలదు. విశాఖ, కాకినాడ లాంటి చోట్ల, గాలిలో తేమ 70 శాతం దాటి రోజుల తరబడి నిలిచే కాలంలో, బూజు రావడం మామూలే. ముక్కుకు గుడ్డ కట్టుకుని ఆరుబయట దులపండి. ప్లాస్టిక్ కవరులో పెట్టి బీరువా అడుగున తోసేయకండి. నూలు సంచి చాలు.

ఇత్తడి గడియల దగ్గర ఆకుపచ్చగా, మైనంలా పేరుకునేది చిలుము. తోలులోని కొవ్వు ఆమ్లాలు రాగితో కలిసి అలా అవుతాయి. ఎక్కువ నూనె పూసిన బ్యాగుల్లోనే అది ఎక్కువ. వెదురుపుల్లతో గీకితే వచ్చేస్తుంది. ఇత్తడి అనగానే మన చెయ్యి చింతపండు మీదకు పోతుంది. చెంబుకు అది మంచిదే, తోలుకు కుట్టి ఉన్న గడియకు కాదు. పులుపు కారి తోలు మీద మచ్చ వేస్తుంది. పైగా ఆ గడియ నిండు ఇత్తడో, పైపూతో తెలియకుండా తోమితే పూత ఊడిపోతుంది. పొడి ఫ్లానెల్ బట్టతో రుద్దండి, అంతకంటే మెరుపు అక్కర్లేదు.

కుట్టు ఊడితే పాత రంధ్రాల్లోంచే, చేత్తో, రెండు సూదులతో కుట్టండి. మిషను మీద పెడితే కొత్త రంధ్రాలు పడతాయి. తోలుకు పడిన రంధ్రం ఎప్పటికీ పూడదు, వరుసగా పడితే అక్కడే చిరుగుతుంది. ఈ పని మన వీధి చివర చెప్పులు కుట్టే పెద్దాయన చాలామంది డిజైనర్లకన్నా బాగా చేస్తాడు. ఆయనకు దారం మీరు తీసుకెళ్లి ఇవ్వండి, రంగు కలిసేది. అడిగినంత ఇవ్వండి.

రంగు వేయడం గురించి నా అభిప్రాయం కొందరికి నచ్చదు. పూత లేని తోలుకు రంగు పెయింటు వేస్తే రంధ్రాలు మూసుకుపోతాయి, ఆ తోలు చేతికి తోలులా తగలదు. అరిగిన మూలకు కాస్త రంగు అద్దడం వరకు ఒప్పుకుంటాను. నల్ల బ్యాగు నీలమో, గోధుమ రంగు బ్యాగు నల్లదో కావాలంటే వేరే బ్యాగు కొనుక్కోవాలి.

అమ్మకానికి చేసేవాళ్లతో చివరగా ఒక మాట. మీరు చేసినదంతా ఒక కాగితం మీద రాసి బ్యాగు లోపల పెట్టండి. ఏ ద్రావణంతో తుడిచారు, ఎక్కడ రంగు అద్దారు, ఏ కుట్టు కొత్తది, ఏ మరక పోలేదు. కొన్నవాళ్లు మోసపోరు. ఇంకో ఇరవై ఏళ్లకు ఆ బ్యాగు మరో పనివాడి చేతికి వెళ్లినప్పుడు, ఏం చేయకూడదో అతనికి తెలుస్తుంది. బాల్‌పెన్ సిరా మరక పోలేదని రాయడానికి సిగ్గుపడకండి. పూత లేని తోలులో ఇంకిన సిరా ఎవరికీ పోదు. పోగొట్టాలని స్పిరిట్ పూస్తే రంగు కూడా పోతుంది.

ఇక్కడ బల్ల మీద రెండు బ్యాగులు పెట్టాను. రెండింటి మీదా తెల్లటి పూత ఉంది. హెయిర్ డ్రయర్ కూడా తెచ్చాను. దగ్గరికి రండి, ఏది కొవ్వో, ఏది బూజో మీరే తేల్చండి. రెండింటినీ కిటికీ వైపు జరిపాను, అక్కడికి వచ్చేవాళ్లు ముక్కుకు అడ్డం పెట్టుకోండి.